దగ్గరి పరిశ్రమ, దూరపు పాఠం: సైబరాబాద్ నేపథ్యంలో మాస్ కమ్యూనికేషన్ అంతర్జాల వనరులు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
హైదరాబాదులోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతం మాధ్యమ విద్యకూ, మాధ్యమ పరిశ్రమకూ ఏకకాలంలో నెలవు. ఇక్కడ మాస్ కమ్యూనికేషన్ చదివే తెలుగు విద్యార్థికి అంతర్జాలంలో వనరుల కొరత లేదు. అయితే ఆ వనరులు రెండు కొసల్లో పోగుపడి ఉన్నాయి. ఒక కొసన ఆంగ్లంలోని పాశ్చాత్య సిద్ధాంతం, మరొక కొసన పాత తెలుగు పత్రికల పుటల ఛాయాచిత్రాలు. ఈ రెంటికీ నడుమ, తెలుగు మాధ్యమాలు మహాపరిశ్రమగా ఎదిగిన కాలానికి తగిన ఆధారాలు విద్యార్థికి సులభంగా చిక్కడం లేదు. ఈ లోటుకు కారణాలను పరిశీలించి, అనువాదం ఒక్కటే దానిని పూడ్చలేదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మాస్ కమ్యూనికేషన్, మాధ్యమ పరిశ్రమలు, అంతర్జాల వనరులు, పత్రికా ఆర్కైవులు, యూనికోడ్, సైబరాబాద్.

1. ఉపోద్ఘాతం:

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటికే ఆ పరిసరాల్లో విద్యాసంస్థలు ఉన్నాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974 నాటిది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా 1982లో ఏర్పడి, తరువాత డా. బి.ఆర్. అంబేద్కర్ పేరును ధరించిన సంస్థ దుర్గం చెరువు గట్టుకు చేరువలో ఉంది. ట్రిపుల్ ఐటీ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం రెండూ 1998లోనే మొదలయ్యాయి. ఆ తరువాత గూగుల్ 2004లో హైదరాబాదుకు వచ్చింది. ఫేస్‌బుక్ భారతదేశంలో తన తొలి కార్యాలయాన్ని 2010లో ఈ నగరంలోనే తెరిచింది. చెరువుకు ఇవతల జూబిలీహిల్స్‌లో టెలివిజన్ ఛానళ్ళు, చలనచిత్ర నిర్మాణ సంస్థలు ఉన్నాయి. 2020లో మొదలైన 'ఆహా' వంటి తెలుగు ఓటీటీ వేదిక కూడా ఈ నగరం నుంచే నడుస్తున్నది.

ఈ విధంగా కొద్ది కిలోమీటర్ల పరిధిలో మాధ్యమాలను బోధించే తరగతి గది, మాధ్యమాలను నడిపే కార్యాలయం పక్కపక్కన నిలిచాయి. ఇటువంటి చోట చదివే విద్యార్థికి తన ఎదుట ఉన్న పరిశ్రమను గురించి తెలుసుకొనే మార్గాలు మిగిలిన వారికంటే ఎక్కువగా ఉండాలి. ఆచరణలో అది జరగడం లేదు. అతడు ఏ పాఠ్యాంశం వెతికినా చికాగో, బర్మింగ్‌హామ్, న్యూయార్క్ ముందుగా ఎదురవుతాయి. మాదాపూర్, జూబిలీహిల్స్ చివరన కనిపిస్తాయి, ఒక్కొక్కసారి కనిపించవు. అంతర్జాలం దూరాన్ని దగ్గర చేసిందనే మాట నిజమే. దగ్గరున్నదానిని అది ఎంత దూరం చేసిందో పరిశీలించవలసి ఉంది.

2. సిద్ధాంత వనరులు – సమృద్ధి, దాని స్వభావం:

గత రెండు దశాబ్దాలలో ప్రభుత్వ రంగంలో ఏర్పడిన విద్యావనరులు తక్కువేమీ కావు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం తన పాఠ్యసామగ్రిని ఇ-జ్ఞానకోశ్‌లో ఉంచింది. యూజీసీ ఆధ్వర్యంలోని ఇ-పీజీ పాఠశాల స్నాతకోత్తర స్థాయి పాఠాలను లిఖిత పాఠం, దృశ్య పాఠం, స్వీయ పరీక్ష, అదనపు పఠనం అనే నాలుగు భాగాలుగా అందిస్తున్నది. 2017లో ప్రారంభమైన స్వయం వేదికపై మాధ్యమ అధ్యయన కోర్సులు ఉన్నాయి. పీహెచ్.డి. సిద్ధాంతగ్రంథాలకు శోధ్‌గంగ ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయ ప్రచురణ విభాగం ద్వారా 2014 నుంచి వెలువడుతున్న 'మీడియా ఇండస్ట్రీస్' పత్రికను ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ఈ వనరులు లేని కాలంలో జిల్లా కళాశాల అధ్యాపకుడు రెండు మూడు పాఠ్యపుస్తకాల మీద ఆధారపడి బోధించవలసి వచ్చేది. ఆ స్థితి నుంచి ఇది గొప్ప ముందడుగు. దీనిని కాదనే విమర్శ న్యాయమైన విమర్శ కాదు.

అయితే ఈ పాఠాలు దేనిని ఉదాహరణగా తీసుకుంటున్నాయన్నది అసలు ప్రశ్న. అందుకు 'ద్వారపాలన' సిద్ధాంతాన్ని, అంటే గేట్‌కీపింగ్‌ను తీసుకోవచ్చు. వార్తారంగంలో దీనికి పునాది 1950లో డేవిడ్ మానింగ్ వైట్ ప్రచురించిన అధ్యయనం. అమెరికాలోని ఒక దినపత్రికలో వార్తాసంస్థల నుంచి వచ్చే వార్తలను ఎంపిక చేసే సంపాదకుడిని వైట్ ఎంచుకున్నాడు. వారం రోజుల పాటు తిరస్కరించిన ప్రతి వార్తకూ కారణం రాయించాడు. ఆ సంపాదకుడికి 'మిస్టర్ గేట్స్' అని పేరు పెట్టాడు. వచ్చిన వార్తల్లో పదో వంతు మాత్రమే అచ్చుకు నోచుకుందనీ, తిరస్కరణకు కారణాలు చాలావరకు వ్యక్తిగతమైనవనీ తేల్చాడు. ఈ పాఠం దాదాపు ప్రతి వనరులోనూ ఉంటుంది. నెట్ పరీక్షకు సిద్ధమయ్యే విద్యార్థి వైట్ పేరును, సంవత్సరాన్ని కంఠస్థం చేస్తాడు.

అదే విద్యార్థి నివసించే నగరంలో నేటి ద్వారపాలకులు వేరే రూపంలో ఉన్నారు. సామాజిక మాధ్యమ వేదికల్లో ఏ పోస్టు ఉండాలి, ఏది తొలగాలి అని నిర్ణయించే పనిలో కొంత భాగం హైదరాబాదులోని పొరుగుసేవల ఉద్యోగుల చేతుల మీదుగా సాగుతున్నదని రాయిటర్స్ వార్తాసంస్థ 2019లో వెలువరించిన కథనం తెలిపింది. పని ఒత్తిడి, తక్కువ వేతనం గురించి ఆ ఉద్యోగుల ఫిర్యాదులను అది ప్రస్తావించింది. సారా రాబర్ట్స్ 2019లో ప్రచురించిన 'బిహైండ్ ది స్క్రీన్' గ్రంథం ఈ శ్రమను మాధ్యమ అధ్యయనంలో కీలకాంశంగా నిలిపింది. వైట్ చూసిన సంపాదకుడికి తన ఎంపికకు కారణం రాసే అవకాశమైనా దక్కింది. నేటి ఉద్యోగి ముందుగా నిర్ణయించిన నియమావళిని అన్వయిస్తాడు. ఆ నియమావళి తెలుగులోని తిట్టునూ, వెటకారాన్నీ, కులసూచక పదాన్నీ ఎలా అర్థం చేసుకుంటుందన్నది ఇక్కడి పరిశోధకుడు మాత్రమే అడగగల ప్రశ్న. ప్రస్తుత వనరులు అతడిని ఆ ప్రశ్న దాకా తీసుకుపోవడం లేదు. 1950 నాటి మిస్టర్ గేట్స్ దగ్గరే ఆపివేస్తున్నాయి.

3. పాత పత్రికల నిధి – విలువ, పరిమితి:

రెండో కొసన ఉన్న వనరులు తెలుగువే. ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను డిజిటల్ రూపంలోకి మార్చే పని చేపట్టింది. 1902లో మచిలీపట్నంలో పుట్టిన కృష్ణాపత్రిక, 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో ప్రారంభించిన ఆంధ్రపత్రిక, 1924 నాటి భారతి, 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి వెలువడిన గోలకొండ పత్రిక – ఈ తరం పత్రికలను ఇంట్లో కూర్చుని చూడగలగడం పరిశోధకుడికి వరం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఒక ప్రధాన స్కానింగ్ కేంద్రంగా పనిచేసింది. రాజ్ రెడ్డి ప్రోత్సహించిన పది లక్షల పుస్తకాల పథకంలో ఇది భాగం. ఆ పథకపు ప్రవేశద్వారం తరువాత మూతపడినా, వేలాది తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నేటికీ లభిస్తున్నాయి.

మూలపత్రాల విలువ ఎంతటిదో ఒక్క ఉదాహరణ చాలు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందన్న మాట దశాబ్దాల తరబడి పుస్తకం నుంచి పుస్తకానికి, అక్కడి నుంచి అంతర్జాలానికి పాకింది. పాత్రికేయ పరిశోధకుడు రెంటాల జయదేవ నాటి సెన్సారు ధ్రువీకరణనూ, పత్రికల్లోని ఆధారాలనూ వెలికితీసి, ఆ చిత్రం 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని నిర్ధారించారు. ఒక తేదీ సవరణ చిన్న విషయంగా తోచవచ్చు. కానీ తొలి టాకీ ఎప్పుడు, ఏ నగరంలో విడుదలైందన్నదానిపై తెలుగు సినిమా పరిశ్రమ చరిత్ర ఆధారపడి ఉంది. ద్వితీయ ఆధారాలు ఎన్ని ఉన్నా అవి ఒకదానినొకటి బలపరిచే ప్రతిధ్వనులు కావచ్చునని, మూలపత్రం ఒక్కటే వాటిని సరిచేయగలదని ఈ ఉదంతం బోధిస్తుంది.

అయితే ఈ నిధికి రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, అందులోని పుట ఎక్కువగా బొమ్మగానే ఉంటుంది. పదాన్ని వెతకడానికి వీలుండదు. 'సారా' అనే మాట ఏయే సంపాదకీయాల్లో వచ్చిందో తెలుసుకోవాలంటే సంచిక తరువాత సంచిక తిప్పవలసిందే. గూగుల్, టెసెరాక్ట్ వంటి అక్షర గుర్తింపు సాధనాలు తెలుగును చదవగలుగుతున్నాయి. అయినా చెరిగిన సీసపు అచ్చును, వత్తులను, సంయుక్తాక్షరాలను అవి తరచూ తప్పుగా చదువుతాయి. రెండవది, సూచికా సమాచారం. డిజిటల్ లైబ్రరీలో చేరిన తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, ఒక్కొక్కటి ఒక్కో వర్ణక్రమంలో నమోదయ్యాయి. 'పత్రిక' అన్న మాటను ఎన్ని విధాలుగా రోమన్ లిపిలో రాయవచ్చునో అన్ని విధాలుగానూ వెతకాలి. పుస్తకం ఉన్నదీ, దొరకనిదీ ఒకటే అవుతున్నది. స్కానింగ్ ఖర్చుతో కూడిన పని కనుక దానిని పథకంగా లెక్కించారు. పేరు సరిగా రాయడం ఖర్చులేని పని కనుక దానిని లెక్కించలేదు. ఫలితంగా మొదటి పనికి పెట్టిన వ్యయం కూడా పూర్తిగా ఫలించలేదు.

4. నడిమి అగాధం:

పై రెండు కొసల మధ్య ఉన్న కాలం తెలుగు మాధ్యమ చరిత్రలో అత్యంత కీలకమైనది. 1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖపట్నంలో మొదలైంది. 1984లో ఉదయం వచ్చింది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు ప్రారంభించి స్థానిక వార్తకు, స్థానిక ప్రకటనకు కొత్త విపణిని సృష్టించింది. మండల స్థాయి విలేకరుల వ్యవస్థ విస్తరించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటతో ముడిపడిన సారా వ్యతిరేకోద్యమానికి తెలుగు పత్రికలు విస్తృత ప్రచారం ఇచ్చాయి. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 1996లో వార్త, 2004లో టీవీ9, 2008లో సాక్షి ఆరంభమయ్యాయి. మాధ్యమ పరిశ్రమలను అధ్యయనం చేసే విద్యార్థికి యాజమాన్యం, విపణి, సాంకేతికత, రాజకీయం కలిసి పనిచేసిన తీరును చూపే దశ ఇదే. సరిగ్గా ఈ దశకే అంతర్జాల ఆధారాలు మిక్కిలి పలుచగా ఉన్నాయి. దీనికి మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది చట్టం. భారత కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు రచనకు రక్షణ ఉంటుంది. పేరులేని రచనలకు ప్రచురణ నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. పరిశోధన కోసం జరిపే న్యాయమైన వినియోగానికి 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చినా, మొత్తం సంచికలను బహిరంగంగా ఉంచడానికి అది సరిపోదు. కనుక 1970ల తరువాతి పత్రికలు యాజమాన్యాల భాండాగారాల్లో, గ్రంథాలయాల బీరువాల్లో నిలిచిపోయాయి.

రెండవది లిపి సంకేతం. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం ఉంది. అయినా తెలుగు పత్రికల తొలితరం జాలస్థలాలు చాలాకాలం తమ సొంత ఫాంట్లను వాడాయి. ఒక పత్రిక అక్షరం మరొక పత్రిక ఫాంటులో అర్థరహితమైన గుర్తుల వరుస అయ్యేది. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపేందుకు 'పద్మ' వంటి విహరిణి అనుబంధాలను స్వచ్ఛందంగా రూపొందించుకోవలసి వచ్చింది. ఆ కాలంలో అంతర్జాలంలో వెలువడిన తెలుగు వార్తలు అందువల్ల శోధన యంత్రాలకు చిక్కలేదు. హైటెక్ సిటీ పేరు ప్రపంచానికి పరిచయమవుతున్న సంవత్సరాల్లో, దానిని గురించి తెలుగులో రాసిన వార్తలను తెలుగు పదంతో వెతికే వీలు లేకపోయింది.

మూడవది ప్రసార మాధ్యమాల స్వభావం. పత్రికలకు 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం ఉంది. 1956లో దానిని వార్తాపత్రికలకు విస్తరించారు. కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు ప్రతులు చేరాలి. టెలివిజన్ వార్తలకు అటువంటి ఏర్పాటు లేదు. అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 1968 ఆగస్టు నుంచి జాతీయ ఛానళ్ళ సాయంకాలపు వార్తలను రికార్డు చేసి సూచికతో భద్రపరుస్తున్నది. ఫ్రాన్సు 1992 నాటి చట్టంతో రేడియో, టెలివిజన్ కార్యక్రమాల సమర్పణను తప్పనిసరి చేసింది. తెలుగులో ఛానళ్ళు తాము యూట్యూబ్‌లో ఉంచినంత మేరకే ఆధారం. ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి అన్నది ఛానల్ ఇష్టం. తెలంగాణ ఉద్యమ కాలంలో ఏ ఛానల్ ఏ రాత్రి ఏ వార్తను ఏ వరుసలో చూపిందో సంపూర్ణంగా పరిశీలించదలచిన పరిశోధకుడు జ్ఞాపకాల మీద, ముక్కలైన వీడియోల మీద ఆధారపడవలసి వస్తున్నది. మొదటి వార్త ఏది, చివరి వార్త ఏది అన్న క్రమమే తెలియనప్పుడు ప్రాధాన్య నిర్ణయ సిద్ధాంతాన్ని అన్వయించడం ఎలా సాధ్యం?

5. తెలుగు మాధ్యమాలపై ఆంగ్ల పరిశోధన – అందుబాటు:

తెలుగు మాధ్యమ పరిశ్రమపై ఉత్తమ పరిశోధన లేకపోలేదు. రాబిన్ జెఫ్రీ 1997లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో తెలుగు పత్రికలపై వ్యాసం రాశారు. 2000లో వెలువడిన ఆయన 'ఇండియాస్ న్యూస్‌పేపర్ రివల్యూషన్' గ్రంథంలో ఈనాడు విస్తరణ ప్రముఖ ఉదాహరణ. శాంతి కుమార్ రామోజీ ఫిల్మ్ సిటీ సాంస్కృతిక భౌగోళికతను 2006లో విశ్లేషించారు. ఎస్.వి. శ్రీనివాస్ గ్రంథాలు 'మెగాస్టార్' (2009), 'పాలిటిక్స్ యాజ్ పర్‌ఫార్మెన్స్' (2013) తెలుగు సినిమాను ప్రేక్షకసమూహాలు, పెట్టుబడి, రాజకీయాల కూడలిలో నిలిపి చూశాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యుడు వినోద్ పావరాల, కంచన్ మాలిక్ కలిసి రాసిన 'అదర్ వాయిసెస్' (2007) సామాజిక రేడియోపై ప్రామాణిక గ్రంథం. 2011లో అదే విశ్వవిద్యాలయంలో కమ్యూనిటీ మీడియాపై యునెస్కో పీఠం ఏర్పడింది. సంగారెడ్డి ప్రాంతంలోని మాచ్నూరు నుంచి 2008లో మొదలై దళిత మహిళలు నడిపిన సంఘం రేడియో ప్రపంచ వ్యాప్త చర్చకు వచ్చింది.

ఇందులోని వైరుధ్యం స్పష్టం. తెలుగు పాఠకుడి గురించి, తెలుగు శ్రోత గురించి, తెలుగు ప్రేక్షకుడి గురించి జరిగిన ఈ పరిశోధన ఆంగ్లంలో, అధిక భాగం వెల చెల్లించే పత్రికల్లో, గ్రంథాల్లో ఉంది. 2025 జనవరిలో అమలులోకి వచ్చిన 'ఒకే దేశం – ఒకే చందా' పథకం 30 ప్రచురణ సంస్థల నుంచి సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇది పెద్ద మేలు. కానీ స్వయం ఆర్థిక ప్రాతిపదికన నడిచే ప్రైవేటు కళాశాలల విద్యార్థులు దీని పరిధిలోకి రాలేదు. వారికి మిగిలేవి నెట్ పరీక్షా గైడ్ల తరహా జాలపుటలు. ఆ పుటల్లో నిర్వచనాలు ఉంటాయి గాని, పరిశీలన ఉండదు.

6. అనువాదం పరిష్కారమా?

ఈ పరిస్థితికి తరచుగా సూచించే మందు అనువాదం. 2022లో మొదలైన భాషిణి వంటి యంత్రానువాద వేదికలతో ఆంగ్ల పాఠాలన్నిటినీ తెలుగులోకి తేవచ్చునన్న ఆశ ఉంది. ఆ ఆశను తీసిపారేయనక్కరలేదు. ఉర్దూ విశ్వవిద్యాలయం జర్నలిజాన్ని ఉర్దూలో బోధిస్తున్నది. తన బోధన మాధ్యమ కేంద్రం ద్వారా ఉర్దూ పాఠాలను వీడియోలుగా విడుదల చేస్తున్నది. గచ్చిబౌలిలోనే అది సాధ్యమైనప్పుడు, అంతకంటే విస్తృతమైన వార్తాపరిశ్రమ ఉన్న తెలుగుకు అసాధ్యం కావలసిన పని లేదు.

మరోవైపు, ఈ రంగపు భాష ఆంగ్లమే కనుక విద్యార్థి ఆంగ్లంలోనే చదవడం మేలన్న వాదన కూడా ఉంది. అందులోనూ సత్యం ఉంది. అంతర్జాతీయ చర్చలో పాల్గొనదలచిన పరిశోధకుడికి ఆంగ్లం తప్పదు. కానీ రెండు వాదాలూ సమస్యను భాషకు కుదించాయి. అనువాదం పాఠం భాషను మారుస్తుంది, పాఠంలోని ఉదాహరణను మార్చదు. వైట్ అధ్యయనాన్ని ఎంత చక్కని తెలుగులోకి తెచ్చినా అది అమెరికా సంపాదకుడి కథగానే ఉంటుంది. తెలుగు డెస్కులో సబ్ ఎడిటర్ రాత్రి పదకొండు గంటలకు జిల్లా సంచిక నుంచి ఏ వార్తను తీసివేస్తాడో, మండల విలేకరి ప్రకటనల సేకరణ బాధ్యతకూ వార్తా బాధ్యతకూ మధ్య ఎలా నలుగుతాడో ఆ పాఠం చెప్పదు.

పదజాలం విషయంలోనూ ఇదే పరిస్థితి. తెలుగు వార్తాగదుల్లో పనిలోంచి పుట్టిన పదాలు ఎన్నో ఉన్నాయి: డెస్క్, కంట్రిబ్యూటర్, జిల్లా ట్యాబ్లాయిడ్, బైట్, ఫోనో, స్క్రోలింగ్. వీటిలో కొన్ని ఆంగ్లం నుంచి వచ్చి తెలుగు అర్థాన్ని సంతరించుకున్నాయి. ఆంగ్ల పాఠ్యగ్రంథంలోని 'స్ట్రింగర్', తెలుగు పల్లెలోని 'కంట్రిబ్యూటర్' ఒకరే కాదు. వారి వేతనం, గుర్తింపు, స్థానిక అధికారంతో సంబంధం వేరు. ఈ తేడాను నమోదు చేసే నిఘంటువు కేవలం పర్యాయపదాల పట్టిక కారాదు. అది పరిశ్రమ నిర్మాణాన్ని వివరించే పరిశోధన కావాలి.

7. అందుబాటులో ఉండీ వాడని ఆధారాలు:

వనరుల లేమి అన్న మాట పూర్తిగా సరికాదనడానికి మరొక నిదర్శనం ఉంది. పత్రికల రిజిస్ట్రార్ కార్యాలయం వార్షిక నివేదికలు భాషల వారీగా పత్రికల సంఖ్యను, ప్రచురణకర్తలు ప్రకటించిన సర్క్యులేషన్‌ను ఇస్తాయి. ట్రాయ్ సంప్రదింపు పత్రాల్లో కేబుల్, డీటీహెచ్ యాజమాన్యాలపై విశేష సమాచారం ఉంటుంది. కంపెనీల వార్షిక నివేదికలు పెట్టుబడి మార్గాలను తెలుపుతాయి. 2021 ఐటీ నియమాల ప్రకారం పెద్ద సామాజిక మాధ్యమ సంస్థలు ప్రతి నెలా నివేదికలు వెలువరించాలి. ఇవన్నీ ఉచితం. మాధ్యమ పరిశ్రమల అధ్యయనానికి ఇవి ప్రాథమిక ఆధారాలు.

వీటిని విమర్శనాత్మకంగా చదవడం నేర్పడమే బోధన చేయవలసిన పని. ప్రచురణకర్త ప్రకటించిన సర్క్యులేషన్‌కు, ఆడిట్ అయిన సర్క్యులేషన్‌కు తేడా ఉంటుంది. వేదికల నెలవారీ నివేదికలు తొలగించిన పోస్టులను ఉల్లంఘన రకాల వారీగా లెక్కిస్తాయి. ఆ పట్టికల్లో తెలుగు పోస్టుల స్థితి వేరుగా కనబడదు. పట్టికలో ఏముందో చదవడం సమాచార సేకరణ. ఏది లేదో గుర్తించడం పరిశోధన. ప్రస్తుత అంతర్జాల పాఠాలు వీటిని 'ఉపయోగకర లంకెలు' అన్న జాబితాలో చేర్చి వదిలేస్తున్నాయి. జాబితా వనరు కాదు. దానిని ఎలా చదవాలో చెప్పినప్పుడే అది వనరు అవుతుంది.

8. పరిశోధకుల బాధ్యత:

ఈ అగాధానికి సంస్థలను మాత్రమే బాధ్యుల్ని చేయడం సరికాదు. శోధ్‌గంగలో చేరిన తెలుగు సిద్ధాంతగ్రంథాలలో అను ఫాంట్లతో టైపు చేసినవి, స్కాన్ చేసిన ప్రతులు అధికం. అందువల్ల ఒక తెలుగు పరిశోధకుడి కృషిని మరొక తెలుగు పరిశోధకుడు పదంతో వెతికి పట్టుకోలేడు. పునరుక్తి అనివార్యమవుతున్నది. పత్రికల ఫాంట్ల వల్ల తొలి అంతర్జాల వార్తలు కనుమరుగైన తీరునే విశ్వవిద్యాలయాల సిద్ధాంతగ్రంథాలు పునరావృతం చేస్తున్నాయి. మొదటి నష్టానికి సాంకేతిక పరిమితి అన్న సాకు ఉంది. రెండవదానికి అది లేదు.

ఈ దృష్ట్యా కొన్ని పనులు ఏ నిధులకూ ఎదురుచూడకుండా చేయదగినవి. సిద్ధాంతగ్రంథాలను యూనికోడ్ పాఠంతో, తెలుగు లిపిలోని సూచికా పదాలతో సమర్పించాలి. ఉటంకించే ప్రతి జాలపుటను వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరిచి, చూసిన తేదీని నమోదు చేయాలి. ఎం.ఏ. స్థాయి ప్రాజెక్టులలో ఒక భాగాన్ని పదవీ విరమణ చేసిన డెస్క్ పాత్రికేయులు, ప్రూఫ్ రీడర్లు, స్టూడియో సాంకేతిక నిపుణులు, వేదికల్లో పనిచేసిన ఉద్యోగుల మౌఖిక చరిత్ర నమోదుకు కేటాయించాలి. వారి అనుమతి, అజ్ఞాత హక్కు ఇందులో ముఖ్యం. సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు పాఠాలకు, సాంకేతిక సంస్థ అక్షర గుర్తింపుకు, కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధన పద్ధతికి సమకూరగలవు. ఈ మూడూ ఒకే ప్రాంతంలో ఉండటం వల్ల కలిసి పనిచేయడానికి దూరం అడ్డు కాదు.

9. ముగింపు:

మాస్ కమ్యూనికేషన్ విద్యార్థికి అంతర్జాలం ఇచ్చినది తక్కువ కాదు. కానీ అది ఇచ్చిన దానిలో సిద్ధాంతం పరాయి ఉదాహరణతో, చరిత్ర వెతకడానికి వీలులేని బొమ్మగా, వర్తమానం వేదికల దయాదాక్షిణ్యాలతో వస్తున్నది. ఈ మూడింటినీ కలిపి చదివే అవకాశం లేని విద్యార్థి తాను రేపు ఉద్యోగిగా చేరబోయే పరిశ్రమను బయటివాడి కళ్ళతోనే చూస్తాడు. తన చేతి కింద తొలగిపోయే తెలుగు పోస్టును గురించి, తాను రాయని వార్తను గురించి ఆలోచించే పరిభాష అతడికి ఉండదు. ఇదే ఇందులోని అసలు నష్టం.

2020 సెప్టెంబరులో దుర్గం చెరువుపై తీగల వంతెన తెరుచుకున్న తరువాత జూబిలీహిల్స్ నుంచి మాదాపూర్‌కు ప్రయాణం కొద్ది నిమిషాలకు తగ్గింది. ఒక ఒడ్డున వార్తలు, సినిమాలు తయారవుతాయి. మరొక ఒడ్డున అవి ప్రవహించే వేదికలు నడుస్తాయి. రెండు ఒడ్డుల్లోనూ మాధ్యమాలను బోధించే సంస్థలు ఉన్నాయి. వాహనాలకు దారి ఏర్పడినంత సులువుగా పరిశోధనకు దారి ఏర్పడలేదు. పైన సూచించిన పనుల్లో మొదటిది ప్రతి పరిశోధకుడి చేతిలోనే ఉంది: తన సిద్ధాంతగ్రంథాన్ని రేపటి విద్యార్థి తెలుగు పదంతో వెతికి చదువుకోగల రూపంలో సమర్పించడం.